గట్టు ఎవరు జరిపారు

ఫిబ్రవరి 9, ఆదివారం

కంపెనీ క్యాంపులో ఆదివారం అంటే బట్టలుతుక్కునే రోజు. నేను మాత్రం కొండెక్కాను. వారంలో ఆరు రోజులు రోడ్డు కోసం ఈ కొండను చూస్తాను, ఏడో రోజు పీహెచ్‌డీ కోసం చూస్తాను. జీతం ఆరు రోజులకే.

మా ఇంజినీరు ఎచోడు ఈ ఏర్పాటుకి ఉద్యోగంలో చేరిన రోజే ఒప్పుకున్నాడు. "నీ సోమవారాలు నావి, నీ ఆదివారాలు యూనివర్సిటీవి. సోమవారం నాడు కునికిపాట్లు పడుతూ దొరికావో, రెండూ నావే డాక్టరమ్మా" అన్నాడు. నేనింకా డాక్టర్ని కాలేదని అన్నప్పుడల్లా చెబుతాను. వినిపించుకోడు. తేసో మైదానంలో పుట్టిన మనిషి, వాళ్ల వైపు చీమలపుట్టే పెద్ద కొండ. మా మసాబా కొండని చూసినప్పుడల్లా "ఇంత మట్టిని ఇలా నిలబెట్టి ఎవరు వదిలేసి పోయారు?" అంటాడు.

నా పరిశోధనా అదే. నిలబడ్డ మట్టి ఎప్పుడు కూలబడుతుందో ముందుగా చెప్పగలమా అన్నది.

కొలతలకి బుకిమేలె వాలు ఎంచుకున్నాను. అందులో కింది సగం మా చేనే కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. ఇంకే కారణమూ లేదు. నాన్న పోయాక అమ్మ మబాలే పట్నానికి వచ్చేసి మార్కెట్లో మలేవా, అంటే పొగబెట్టిన వెదురుచిగుళ్లు, అమ్ముకుంటోంది. చేనులో ఇప్పుడు నాన్న సమాధి, కాఫీ మొక్కలు, చూరు కూలిన పాత ఇల్లు ఉన్నాయి. అడ్డంగా ఒక వరసలో కొలత మేకులు పాతి వచ్చాను.

పైఇంటాయన తన వాకిట్లో నిలబడి అంతా చూశాడు. పలకరించలేదు. నేనూ పలకరించలేదు.

ఫిబ్రవరి 12

మేకులన్నీ పీకేసి మా పాత ఇంటి గుమ్మం దగ్గర చక్కగా పేర్చిపెట్టారు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇవాళ మళ్లీ పాతుతుంటే పైఇంటాయన గట్టుదాకా దిగి వచ్చాడు.

"మేకులతో కొత్త గట్టు వేస్తున్నావా పిల్లా? గట్టుకి మొక్కలున్నాయి. కనబడకపోతే మీ నాన్ననడుగు."

మా నాన్న పోయి మూడేళ్లయింది. ఆయన సమాధి మా ఇద్దరికీ కనబడుతూనే ఉంది. ఒళ్లు మండిపోయింది. గట్టుమొక్కల వైపు తిరిగి నిలబడ్డాను.

పైఇంటాయనకి పేరుంది. కుటోసి. మా నాన్న సొంత తమ్ముడు. మా ఇంట్లో ఆ పేరూ ఆ వరసా పలకడం నేను ఎనిమిదో క్లాసులో ఉండగా ఆగిపోయింది. తాత చేను పంచినప్పుడు ఈ వైపు నల్లబండ నుంచి ఆ వైపు నల్లబండ దాకా తీగ లాగినట్టు గట్టుమొక్కలు నాటించాడు. పైన తమ్ముడు, కింద అన్న. గట్టుమొక్కని ముట్టుకోవడం మావాళ్లలో దొంగతనం కంటే హీనం. ఒక ఏడాది నాన్న చూసేసరికి వరస తిన్నగా లేదు. మధ్యలో మా చేనులోకి వచ్చేసింది. కులపెద్దలు రాగి బీరు కుండ చుట్టూ కూర్చున్న చోటికి వెళ్లి, తమ్ముడు గట్టు జరిపాడని అందరి ముందూ అన్నాడు. తమ్ముడు బీరు పీలుస్తున్న పొడుగాటి గొట్టాన్ని కుండలోంచి లాగి మోకాలి మీద విరిచాడు. అప్పటినుంచి పైఇంటాయనని ఏ కుండ దగ్గరికీ పిలవలేదు. ఒక్కడే తాగుతాడని అంటారు.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో తెలీదు. రాయాల్సింది వేరే. ఆ కోపంలో గట్టు వైపు చూస్తుంటే వరస కిందికి పొట్టలా జారి ఉండడం మొదటిసారి సరిగ్గా చూశాను. అంచుల్లో బండల దగ్గర మొక్కలు తాత నాటిన చోటే ఉన్నాయి. మధ్యకి వెళ్లేకొద్దీ కిందికి, ఇంకా కిందికి. ఒక్క మొక్కని జరిపినట్టు లేదు, వరసంతా వరస తప్పకుండా వంగింది.

మేకులక్కర్లేదు! తాత ముప్ఫై ఏళ్ల కిందటే పాతి పెట్టాడు. అదీ ఎవరూ ముట్టుకోని మేకులు. ఇలాంటి కొలత ఈ ఖండంలో ఇంకెవరి దగ్గరా ఉండదు. చాలా రోజుల తర్వాత ఇంత సంతోషంగా ఉంది. క్యాంపుకి వచ్చి రెండు చపాతీలు ఎక్కువ తిన్నాను.

ఫిబ్రవరి 18

ప్రొఫెసర్ తిబెసిగ్వాకి ఫోన్ చేసి చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచిన చప్పుడు ఇక్కడికి వినిపించింది.

"అద్భుతం నగుడీ. ఇంకో వర్షాకాలం కొలతలు కలిపితే మూడో అధ్యాయం అయిపోయినట్టే" అన్నారు. "అంటే గట్టు ఎవరూ జరపలేదన్నమాట" అని నవ్వారు. నేనూ నవ్వాను.

ఫోన్ పెట్టేశాక నవ్వు రాలేదు. ఆ సంగతి పరిశోధనకి సంబంధించింది కాదు.

ఫిబ్రవరి 19

సంబంధించింది కాదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

కంపెనీ కొలత యంత్రం తీసుకుని వెళ్లాను. ఎచోడు అటు తిరిగి ఆవలించాడు, అదే అనుమతి. గట్టుమొక్కలన్నీ కొలిచాను. మధ్య మొక్క తన చోటు నుంచి ఇద్దరు మనుషుల పొడుగు కిందికి దిగింది.

పైనుంచి చూద్దామని చుట్టూ తిరిగి కాలిబాటలో ఎక్కాను. పైఇంటి వెనక చిక్కుడు పాదుల్లో నేల చీలి ఉంది. నెలవంకలా వంగిన నెర్రె, ఇంటిని వెనకనుంచి వాటేసుకున్నట్టు. చెయ్యి పెడితే మోచేతిదాకా దిగింది. పైఇంటావిడ, నెలిమా, అరటి చెత్త తెచ్చి అందులో కూరుతోంది.

"మేకపిల్లలు పడిపోతున్నాయి" అంది, నేను అడక్కుండానే. "పోయినేడు సన్నగా ఉండేది. వానాకాలం పూడుతుందిలే."

"పూడదు" అన్నాను.

భర్త ఎక్కడున్నాడో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మీ అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఇంకా పచ్చి వేరుశనగలు తింటుందా?"

బాగుందని చెప్పాను. ఇద్దరూ ఒకే ఏడు ఈ కొండకి కోడళ్లుగా వచ్చారు.

ఆ నెర్రె లక్షణాలు నాకు తెలుసు. అయినా ఒక్క కొలతతో తేల్చకూడదు. ఇంకో రెండు వారాలు చూడాలి. శాస్త్రం తొందరపడకూడదు. ఇంకో వర్షాకాలం కొలతలుంటే మూడో అధ్యాయం

రాస్తూ ఆపేశాను. ఇంకో వర్షాకాలం కొలతలు కావాలంటే ఆ ఇల్లు ఇంకో వర్షాకాలం అక్కడే ఉండాలి.

మార్చి 2, ఆదివారం

వానలు మొదలయ్యాయి. పైఇంటికి వెళ్లాను. ఎనిమిదో క్లాసు తర్వాత ఆ వాకిట్లో అడుగుపెట్టడం ఇదే.

ఆయన చూరు కింద కూర్చుని పారకి పిడి బిగిస్తున్నాడు. కూర్చోమనలేదు.

"ఇంటి వెనక నెర్రె పెద్దదవుతోంది. వానలు ముదరకముందే మీరు దిగిపోవాలి" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"నేనే. నా చదువే అది."

"మీ నాన్న గట్టుతో మొదలెట్టాడు. నువ్వు ఇంటిదాకా వచ్చావు. పర్లేదు, చదువు బాగానే వంటబట్టింది."

అప్పుడు చెప్పేశాను. గట్టు మీరు జరపలేదు, కొండ జరిగింది, కొలిచాను అని. పిడి మీద చెయ్యి ఆగింది. నెలిమా తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆయన సంతోషిస్తాడనుకున్నాను.

"నేను జరపలేదని నాకు తెలీదా? అది చెప్పడానికి నీకు మిషను కావాల్సొచ్చిందా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "మీ నాన్న నలుగురిలో అన్నాడు. నా గొట్టం నలుగురిలో విరిచాడు. నువ్వొచ్చి నా చెవిలో చెప్పి పోతానంటే ఎట్లా? ఎక్కడ అన్నారో అక్కడ అనండి. అంతదాకా నేనీ ఇల్లు వదిలితే, చూశారా, తప్పు చేశాడు కాబట్టే పారిపోయాడంటారు. నెర్రెలో పడి చస్తాను గానీ ఆ మాట పడను."

నెలిమా నాకు గొడుగిచ్చింది. వద్దన్నా ఇచ్చింది.

మార్చి 4

ఊరి చైర్మన్ దగ్గరికి వెళ్లాను. మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుందమ్మా. కానీ నువ్వు కిందిఇంటి పిల్లవి. పైఇంటివాళ్లని ఖాళీ చెయ్యమని నువ్వంటే ఊళ్లో ఏమనుకుంటారు? ఇప్పటికే అనుకుంటున్నారు, తండ్రి నోటితో అడిగింది కూతురు మిషన్‌తో అడుగుతోందని."

"పైఇల్లే కాదు, ఆ వాలు మీద ఇంకో మూడిళ్లున్నాయి."

"వాళ్లూ అదే అంటున్నారు."

పెద్దమనిషి ఒకాయన, కులపెద్ద మంగుషో, అక్కడే కూర్చుని వింటున్నాడు. కుండ దగ్గర గొట్టం విరిచిన రోజు ఆయనా ఉన్నాడట. నాన్న మాట నేను వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "పోయినవాడి మాట వాడి ఇల్లాలే వెనక్కి తీసుకోవాలి. నువ్వు రేపు పెళ్లి చేసుకుని వేరే వంశం కుండ దగ్గర కూర్చునేదానివి."

అమ్మ. నాకు తెలుస్తూనే ఉంది ఇక్కడికే వస్తుందని.

మార్చి 5

వాన. రోడ్డు పని ఆగింది. కొండవాలు క్షేమం కాదని రిపోర్టు రాసి ఎచోడుకి ఇచ్చాను. పై ఆఫీసుకి పంపాడు.

మార్చి 9, ఆదివారం

మబాలే మార్కెట్. అమ్మ పొగబెట్టిన వెదురుచిగుళ్లు కట్టలు కడుతోంది. మలేవా వాసన ఆవిడ చీటీగుడ్డలకీ తలగుడ్డకీ ఎప్పుడూ పట్టి ఉంటుంది. చిన్నప్పుడు సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఆ వాసన వస్తే ఆకలేస్తుంది.

"అమ్మా, గట్టు జరిపింది ఆయన కాదు."

"ఎవరు మరి, దెయ్యమా?"

"కొండే. పైఇంటి వెనక నేల చీలింది, వాలు మొత్తం కిందికి దిగుతోంది. ఏడాదికి ఇంత." వేళ్లు చూపించాను.

"అంత నేలకోసం మీ నాన్న తోడబుట్టినవాడితో మాట మానేశాడా?"

"ఏటా అంత. ముప్ఫై ఏళ్లు."

కొనడానికి వచ్చినావిడ విసుక్కుంది. "పోట్లాట తర్వాత పెట్టుకోండి, ముందు నాకు రెండు కట్టలియ్యి."

"పోట్లాట కాదు తల్లీ, మా అమ్మాయి నాకు చదువు చెప్తోంది" అని అమ్మ రెండు కట్టలు ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ వెళ్లాక నా వైపు చూడకుండా అంది. "పోయే ముందు రోజు కూడా గట్టు జాగ్రత్త అన్నాడు మీ నాన్న. ఇప్పుడు నేను పదిమందిలో లేచి మా ఆయన అబద్ధాలకోరు అనాలా? నువ్వు డాక్టరవడానికి ఆయన్ని దొంగని చెయ్యాలా?"

"నాన్న అబద్ధం చెప్పలేదు. కళ్లకి కనబడింది చెప్పాడు."

"ఇంటికి పో నగుడీ. బస్సు వెళ్లిపోతుంది."

మార్చి 11

అమ్మ ఫోన్ ఎత్తడం లేదు.

మార్చి 13

అమ్మే చేసింది. "నెలిమా ఇంకా ఆ వెనక గదిలోనే పడుకుంటోందా?"

అవునన్నాను. పెట్టేసింది.

మార్చి 16, ఆదివారం

ఉదయం వాన తెరిపిచ్చింది. గట్టు దగ్గరికి వెళ్లేసరికి అమ్మ అక్కడుంది. బోడా అద్దె మోటారుసైకిలు మీద ఆ మోకాళ్లతో కొండ కిందిదాకా వచ్చి, మిగతాది నడిచి ఎక్కింది. నాకు చెప్పలేదు. చేతిలో మార్కెట్లో మూటలు కట్టే పొడుగాటి తాడు.

"మిషన్లు నాకు తెలీవు. ఈ బండ నుంచి ఆ బండకి తాడు లాగి చూపించు. తిన్నగా ఉంటే తిన్నగా ఉందంటాను, లేకపోతే లేదంటాను" అంది.

తాడు ఒక కొస అమ్మ పట్టుకుని ఈ బండ మీద నిలబడింది. రెండో కొస పట్టుకుని నేను ఆ బండకి వెళితే మధ్యలో చూసేవాళ్లెవరు? అప్పటికే పైఇంటాయన వాకిట్లోంచి చూస్తున్నాడు. దిగి వచ్చాడు. నా చేతిలోంచి కొస తీసుకుని అవతలి బండెక్కాడు.

"మీ అమ్మతో చెప్పు, తాడు బిగించి పట్టుకోమని."

"నాకు చెవులున్నాయని ఆయనతో చెప్పు."

"చెవులుంటే చేతులు వదులుగా ఎందుకున్నాయో అడుగు."

"ఆయన కొసే కిందికి ఉందని చెప్పు. జరపడం అలవాటేగా!"

అనేసి అమ్మ నాలిక కరుచుకుంది. పైఇంటాయన తాడు వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. బండ నడినెత్తికి జరిగి, రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలి బిగించాడు. తాడు గాల్లో గీత గీసినట్టు నిలబడింది.

అమ్మని తాడు కొస బండకి చుట్టి రమ్మన్నాను. తాడు వెంబడి నడిచింది. మొదటి మొక్క తాడు కిందే ఉంది. రెండోదీ దాదాపు అంతే. మూడోది చెయ్యి చాస్తే అందేంత కింద. ఆ తర్వాత ఒక్కొక్కటీ దూరం. మధ్యకి వచ్చేసరికి తాడు ఇక్కడుంటే మొక్క ఎక్కడో కాఫీ చెట్ల మధ్య ఉంది. అమ్మ అక్కడ కూలబడింది.

"ఇది నేను నాటాను" అంది. "నువ్వు కడుపులో ఉన్నావు. మామగారు వద్దన్నా వినలేదు. నెలిమా నీళ్లు పోసింది. ఈ తాడు కిందే నాటాను."

"వేళ్లతో సహా దిగింది అమ్మా. ఎవరైనా పీకి నాటితే వేళ్లు తెగేవి, మొక్క ఇంతలా బలిసేది కాదు. పైగా వరసంతా దిగింది. ఒక మనిషి ఇన్ని మొక్కలు ఇంత పద్ధతిగా జరపలేడు."

అమ్మ మొక్క మొదట్లో మట్టి కాసేపు గోళ్లతో గీరింది. తర్వాత తల ఎత్తకుండానే, ఈసారి నాతో కాకుండా, గట్టిగా అంది. "కుటోసీ, తాడు వదిలెయ్. చేతులు కోసుకుపోతాయి."

ఆయన వదల్లేదు. అలాగే పట్టుకుని నిలబడి ఏడ్చాడు.

మార్చి 21

వాతావరణ శాఖవాళ్ల సూచన వచ్చింది. వచ్చే గురువారం నుంచి భారీ వానలు. నెర్రె పొడుగు పెరిగింది, పైఇంటి వెనక గోడ మీద కూడా చీలిక. ఇంక ఏ కొలతా అక్కర్లేదు.

అమ్మకి చెప్పాను. ఊళ్లో కుండ పెడదామని కులపెద్దలు ఒప్పుకున్నారు, తేదీ చెప్పమంటున్నారు అన్నాను. అమ్మ ఆలోచించింది.

"ఊళ్లో ఎందుకు? కుండ మబాలేలో మా వాకిట్లో పెడతాను. మాట వెనక్కి తీసుకునేది నేను, కుండ నాది. బుధవారం. వినాలనుకున్నవాళ్లని దిగి రమ్మను."

నాకు ఒక క్షణం అర్థం కాలేదు.

"ఏమిటలా చూస్తావు? కొండ పడుతుందంటే ఒక్కడు కదిలాడా? ఇన్నేళ్ల గొడవ తెగుతుంది, పైగా బీరు అంటే ఇంట్లో ఎవడుంటాడో చూస్తాను. పిల్లల్ని కూడా తీసుకురమ్మను, మలేవా వండుతున్నానని చెప్పు."

ఇదంతా పరిశోధన పద్ధతుల్లో ఎక్కడా చదవలేదు.

మార్చి 24

ఎచోడుని కంపెనీ లారీ అడిగాను.

"కొండ పడుతుందని జనాన్ని దింపడానికైతే పై ఆఫీసు నుంచి కాగితం రావాలి. నీ రిపోర్టుకే ఇంకా జవాబు రాలేదు" అన్నాడు. గడ్డం గోక్కున్నాడు. "బీరుకైతే ఏ కాగితం అక్కర్లేదు. బుధవారం లారీ ఖాళీగానే ఉంటుంది డాక్టరమ్మా. నాకూ ఒక గొట్టం ఉంచమను."

మార్చి 26, బుధవారం

అందరూ వచ్చారు. పైఇంటివాళ్లు, మిగతా మూడిళ్లవాళ్లు, కులపెద్ద మంగుషో, చైర్మన్, ఎప్పుడో ఊరొదిలిన దూరపు చుట్టాలు. పైఇంటాయన ఆవు లేకుండా కదలనంటే లారీలో ఆవునీ ఎక్కించాం. డ్రైవరు దాన్ని చూసి "ఇదీ తాగుతుందా?" అన్నాడు. వాలు మీద మనిషన్నవాడు మిగల్లేదు. లారీ దిగేటప్పుడు ఒక్కొక్కరినీ చూసుకున్నాను. రెండోసారి కూడా చూసుకున్నాను.

మధ్యలో కుండ. చుట్టూ పొడుగాటి గొట్టాలు. ఒక చోటు ఖాళీగా ఉంచారు. అమ్మ కొత్త బట్ట కట్టుకుని లేచింది. అంత చిన్నగా ఎప్పుడూ కనబడలేదు.

"మా ఆయన ఒక మాటన్నాడు. కళ్లతో చూసే అన్నాడు, కానీ కళ్లకి కనబడింది సగమే. కొండ నడుస్తుందని ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. మా మరిది గట్టు జరపలేదు. గొట్టం విరిచిన చెయ్యి మా ఇంటిది. ఇదిగో, అదే ఇంటి చెయ్యి."

కొత్త గొట్టం పైఇంటాయన చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. కుండలో పెట్టి చాలాసేపు పీల్చాడు. చివరికి తలెత్తి, "పలచగా ఉంది వదినా" అన్నాడు.

ఇల్లంతా నవ్వులు. అమ్మ ఎంత నవ్విందంటే నెలిమా వీపు నిమరాల్సొచ్చింది. వాళ్లిద్దరూ ఆ తర్వాత వంటింట్లోంచి బయటికే రాలేదు. లోపలినుంచి రోకటి చప్పుడూ గుసగుసలూ.

నేను నాన్న కోసం ఏడ్చాను, స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి. ఆయన ఈ నవ్వు వినకుండా పోయాడు.

మార్చి 27

రాత్రి అందరూ మా ఇంట్లోనే పడుకున్నారు. తెల్లవారుజాము నుంచి వాన. ఉదయాన్నే పైఇంటాయన బయల్దేరతానన్నాడు. చేను చూసుకోవాలట, కప్పు కారుతుందట. వద్దన్నాను. నెర్రె గురించి మళ్లీ చెప్పాను. "మంచి పిల్లవే, కానీ కొండ నాకు కొత్తా?" అన్నాడు.

అమ్మ వేడినీళ్ల గిన్నెతో వచ్చి కుండలో పోసింది. "ఎవరి కోసం కుండ పెట్టామో వాళ్లూ, వాళ్లతో వచ్చినవాళ్లూ అది అయిపోకుండా లేవకూడదు. మర్చిపోయావా?"

ఆయన కూర్చున్నాడు. కుండ తగ్గినప్పుడల్లా అమ్మ నీళ్లు పోస్తూనే ఉంది. మధ్యాహ్నానికి ఆ బీరు బయటి వాన కంటే పలచనైంది. అందరికీ తెలుసు. మంగుషో గొట్టం పీల్చి, "ఆహా, మంచి ఘాటు" అన్నాడు. పైఇంటాయన అమ్మ వంక చూశాడు, గిన్నె వంక చూశాడు, నా వంక చూశాడు. గొట్టం మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు.

మార్చి 28

పొద్దున్నే ఎచోడు ఫోన్ చేశాడు. ఈసారి డాక్టరమ్మా అనలేదు. "నగుడీ, మీ వాలు జారి కిందికి వచ్చేసింది. రోడ్డు మీద మావాళ్లెవరూ లేరు, నిన్ననే దింపేశాను. మీవాళ్లందరూ కింద ఉన్నారా?"

ఉన్నారన్నాను. మళ్లీ అడిగాడు. అందరూ ఉన్నారని మళ్లీ చెప్పాను.

లోపలికి వెళ్లి చెప్పాను. నెలిమా కింద కూర్చుండిపోయింది. ఎవరూ పెద్దగా ఏడవలేదు. మంగుషో కుండ దగ్గరికి వెళ్లి గొట్టాలన్నీ ఒక్కొక్కటిగా తీసి గోడకి ఆనించాడు. కుండ అయిపోయింది.

పైఇల్లు లేదు. ఇంక ఆయన్ని పైఇంటాయన అనడానికి లేదు.

ఏప్రిల్ 2

ప్రొఫెసర్ పలకరించడానికి చేశారు. నా గొంతు విని చాలాసేపు థీసిస్ మాట ఎత్తలేదు. చివర్లో అడిగారు, నాలుగిళ్లవాళ్లని హెచ్చరికతో ఎలా దింపగలిగావు, ఆ పద్ధతి వివరంగా రాయాలి, వేరే కొండలకి పనికొస్తుంది అని.

హెచ్చరికతో దిగలేదని చెప్పాను. మరి దేనితో అన్నారు. రాస్తానన్నాను. ఇంకా ఒక్క వాక్యం కూడా రాలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

అమ్మ, చిన్నాన్న, నేను వెళ్లాం. వాన లేదు. పిన్ని రానంది.

ఎర్రమట్టి, పెద్దపెద్ద బండలు, వేళ్లు పైకి లేచిన కాఫీ చెట్లు. రెండు నల్లబండలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యలో వరస లేదు. చిన్నాన్న అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూశాడు.

"ఇప్పుడు గట్టు ఎవరు జరిపారు వదినా?"

అమ్మ నవ్వబోయి ఏడ్చింది. చిన్నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని మట్టిలో నడిపించాడు.

నాన్న సమాధి ఉన్న చోటు వెతికాం. కింద నదివైపు మామిడిచెట్టు మిగిలింది కాబట్టి దాన్నిబట్టి పోల్చుకున్నాం. సమాధి కనబడలేదు. దాని మీద చిన్నాన్న చేను ఉంది. మొత్తం వచ్చి అక్కడే ఆగింది. ఆయన ఇంటి రేకులు, పిన్ని చిక్కుడు పందిరి, విరగని అరటిబోదె ఒకటి గెలతో సహా నిటారుగా.

చిన్నాన్న టోపీ తీసి ఆ మట్టి మీద కూర్చున్నాడు. అరచేత్తో ఒకసారి తట్టాడు, పడుకున్న మనిషిని లేపేటప్పుడు తట్టినట్టు.

"అన్నా" అన్నాడు. "ఇంత నేలకోసం మాట మానేశావు. ఇదిగో, మొత్తం నీకే ఇచ్చేశాను. ఇంక మాట్లాడు."